ఒక పైదాయిష్, ఒక ఇంతకాల్, ఒక నషా: పది పాటల తారీఖ్

తారీఖ్ అన్న లఫ్జ్‌ని తెలుగులో మనం తేదీకి వాడుకుంటాం. “ఇవాళ ఏం తారీఖు?” అని అడుగుతాం. ఇంటి కిరాయి కట్టాల్సిన తారీఖు గుర్తుపెట్టుకుంటాం. ఉర్దూలో అదే మాటకు చరిత్ర అన్న మానీ కూడా ఉంది. గోడ మీద కేలండర్‌లో ఒక చిన్న గడీ తారీఖే, సల్తనత్‌ల దాస్తానూ తారీఖే. ఈసారి చెప్పబోయేది సల్తనత్‌ల కథ కాదు. ఒక మౌసికీ ఆల్బమ్ కథ. నాలుగైదు తారీఖులు కలిస్తే ఒక తారీఖ్ ఎలా అవుతుందో అందులో కనిపిస్తుంది.

మన ఇళ్లలో ఇప్పుడు ఇది మామూలే. పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అమ్మీ వచ్చి ఒకటి లాక్కుని తన చెవిలో పెట్టుకుంటుంది. పొగమంచు అవతల నుంచి వస్తున్నట్టు ఒక ఆడగొంతు. దాని వెనక నీళ్ల మీద వెలుగు కదులుతున్నట్టు గిటార్.

“ఏం పాడుతోందే ఈమె? ఒక్క ముక్క సమఝ్ కావట్లేదు. ఇంగ్లీషేనా ఇది?”

“ఏమో అమ్మీ, నాకూ తెలీదు. బాగుంది అంతే.”

ఆ అమ్మీ తన ఇంగ్లీషు గురించి ఫికర్ పడాల్సిన పనేమీ లేదు. ఈ గొంతు మొదటిసారి రేడియోలో వినిపించినప్పుడు లండన్‌లోనూ గ్లాస్గోలోనూ ఇంగ్లీషే మాదరీ జబాన్ అయినవాళ్లు కూడా సరిగ్గా ఇదే సవాల్ అడిగారు. ఆ గొంతు ఎలిజబెత్ ఫ్రేజర్‌ది. ఆమె బ్యాండ్ పేరు కాక్టో ట్విన్స్. 1990 సెప్టెంబర్ 17న వాళ్ల ఆల్బమ్ ‘హెవెన్ ఆర్ లాస్‌వేగాస్’ బయటికొచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే, ‘జన్నతా, లాస్‌వేగాసా’ అని.

కథ స్కాట్లాండ్‌లో గ్రేంజ్‌మౌత్ అనే ఊళ్లో మొదలవుతుంది. ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట ఓడరేవు, దాని పక్కన అప్పట్లో పెద్ద చమురు రిఫైనరీ ఉండేది. మన విశాఖ రిఫైనరీ దారిలో రాత్రిపూట వెళ్లినవాళ్లకు ఆ పొగగొట్టాలు, ఆ మంటలు, ఆ దీపాలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి ఊళ్లో 1979లో రాబిన్ గత్రీ, విల్ హెగీ అనే ఇద్దరు కుర్రాళ్లు బ్యాండ్ పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఊళ్లోని ఒక డిస్కోలో ఎలిజబెత్ పరిచయమైంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా లేవు. పాడటం ఎక్కడా నేర్చుకోలేదు. నలుగురి ముందు నోరు విప్పాలంటేనే జంకు. ఆమె పాడింది, రాబిన్ గిటార్ వాయించాడు. ఇద్దరూ జంటయ్యారు.

వాళ్ల టేప్ లండన్‌లోని ఫోర్ ఏడీ అనే చిన్న కంపెనీకి చేరింది. 1980లో మొదలైన ఆ కంపెనీని నడిపింది ఇవో వాట్స్ రస్సెల్. ఇండీ అన్న మాట అక్కడి నుంచే అర్థం చేసుకోవాలి. ఇండిపెండెంట్‌కి అది ముద్దుపేరు. పెద్ద పెద్ద రికార్డు కంపెనీల చేతికింద ఉండకుండా సొంత హిమ్మత్‌తో, తక్కువ ఖర్చుతో పాటలు తెచ్చేవాళ్ల దునియా అది. 1982లో కాక్టో ట్విన్స్ మొదటి ఆల్బమ్ ‘గార్లాండ్స్’ అలాగే వచ్చింది. 1983లో హెగీ వెళ్లిపోయాడు. ఆ ఏడాది చివర్లో సైమన్ రేమండ్ వచ్చి చేరాడు. ఈ ముగ్గురే చివరిదాకా ఉన్నారు. డ్రమ్ములు వాయించే మనిషి బ్యాండ్‌లో లేడు. ఆ పని మెషీన్ చేసేది.

ఇక ఆ సంగీతం సంగతి. గోల్కొండకు వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిసార్ దాకా వినిపిస్తుంది. కొట్టింది ఒక్క చప్పట్లే, రాళ్లు దాన్ని పట్టుకుని మోసుకెళ్తాయి. రాబిన్ గత్రీ తన గిటార్‌కు చేసింది ఇలాంటి పనే. రాళ్ల బదులు కరెంటు పెట్టెలు వాడాడు. ఒక పెట్టె గిటార్ స్వరానికి నకలు తీసి, సుర్ కొద్దిగా అటూ ఇటూ జరిపి, అసలుతో కలిపేస్తుంది. ఇంకో పెట్టె అదే స్వరాన్ని కాసేపాగి మళ్లీ మళ్లీ పలికిస్తుంది. మరో పెట్టె పెద్ద హాల్లో వాయించినట్టు ధ్వనిని సాగదీస్తుంది. ఈ మూడూ కలిశాక వేలు తీగను మీటిన చప్పుడు కరిగిపోయి, ఒక రంగు మాత్రం మిగులుతుంది.

ఈ తరహాకే తర్వాత డ్రీమ్ పాప్ అని పేరొచ్చింది. ఖ్వాబ్ లాంటి పాట అన్నమాట. ఈ పేరు పెట్టిన ఘనత ఏ.ఆర్. కేన్ అనే జోడీలోని అలెక్స్ అయూలీకి ఇస్తారు. తూర్పు లండన్‌లో పెరిగిన ఆ ఇద్దరికీ ఆఫ్రికా మూలాలున్నాయి. 1987లో వాళ్లు ఫోర్ ఏడీలో తెచ్చిన ‘లోలిటా’ రికార్డును తయారుచేసి పెట్టింది రాబిన్ గత్రీయే. డ్రీమ్ పాప్ అనగానే తెల్లవాళ్ల కాలేజీ సంగీతం అనుకునేవాళ్లు ఈ చిన్న విషయాన్ని యాద్ పెట్టుకోవాలి. ఆ సంగీతానికి పేరు పెట్టింది వలసొచ్చిన ఇంటి బిడ్డ.

ఇప్పుడు అసలు సవాల్. ఎలిజబెత్ ఏం పాడేది?

చాలా పాటల్లో ఆమె అల్ఫాజ్‌ని మానీ కోసం ఎంచుకోలేదు. తనకు రాని భాషల పుస్తకాలు, డిక్షనరీలు తిరగేసి, చూడ్డానికి, పలకడానికి బాగున్న మాటలు ఏరుకునేది. వాటిని విరిచేది, కలిపేది, సాగదీసేది. వినేవాళ్లు తమకు తోచింది రాసుకుని, ఇదే పాట అని వాదించుకునేవాళ్లు. స్కాట్లాండ్ గేలిక్ జనంలో వాద్యాలు లేకుండా నోటితోనే పాడే పాత పాటలున్నాయి. వాటిలోనూ లయే ముఖ్యం, మాటలకు మానీ వెతికే పని తక్కువ. కొందరికి ఎలిజబెత్ గొంతులో ఆ పాత గాలి వినిపించింది.

మనకైతే ఇది అంత అజీబ్‌గా అనిపించకూడదు. తోమ్, తన, దిర్ దిర్ అంటూ సాగే తరానా మనకు తెలియనిదా? దాన్ని మొదలుపెట్టింది హజ్రత్ అమీర్ ఖుస్రో అని రివాయత్. దక్షిణాదిన దానికి తోబుట్టువు తిల్లానా. వాటిలో మానీ ఏదని ఎవరూ అడగరు, తల మాత్రం ఊపుతారు. పసిబిడ్డకు పాడే లోరీలో సగం మాటలు ఏ లుగత్‌లోనూ దొరకవు. బిడ్డకు మాత్రం అంతా అర్థమవుతుంది.

అయితే ఎలిజబెత్ విషయంలో ఇంకో కోణం ఉంది. మాటలు దాచడం ఆమెకు ఫన్ మాత్రమే కాదు, పర్దా కూడా. తన మనసులోది నలుగురికీ తెలిసిపోతుందేమోనన్న భయం ఆమెకు ఉండేది. అర్థంకాని మాటల వెనక నిలబడితే గొంతెత్తి పాడొచ్చు, ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. 1984లో ‘ట్రెజర్’, 1986లో ‘విక్టోరియాలాండ్’, 1988లో ‘బ్లూ బెల్ నోల్’ ఆ పర్దా వెనక నుంచే వచ్చాయి. షోహ్రత్ పెరిగింది. పర్దా అలాగే ఉంది.

దాన్ని కదిలించింది ఒక పసిబిడ్డ.

1989 సెప్టెంబర్‌లో ఎలిజబెత్, రాబిన్‌లకు కూతురు పుట్టింది. ఆ కాలంలోనే బ్యాండ్ లండన్ శివార్లలో, థేమ్స్ నది ఒడ్డున, ద హూ బ్యాండ్‌కు చెందిన పీట్ టౌన్‌షెండ్ స్టూడియో భవనంలో చోటు తీసుకుని సొంత స్టూడియో పెట్టుకుంది. దాని పేరు సెప్టెంబర్ సౌండ్. గడియారం చూసి అద్దె లెక్కపెట్టే పని లేదు. కావలసినంత సమయం ఉంది, చేతికింద మంచి సామాను ఉంది, ఒళ్లో పాప ఉంది. బయటినుంచి చూసినవాళ్లకు అంతకన్నా బర్కత్ ఏముంటుంది?

కడుపుతో ఉన్నప్పుడు తనకు ఎన్నడూ లేని ధైర్యం వచ్చిందని ఎలిజబెత్ తర్వాత చెప్పుకుంది. ఆ ధైర్యం పాటల్లోకి దిగింది. ఈ ఆల్బమ్‌లో మొదటిసారి మాటలు అక్కడక్కడా పొగమంచులోంచి బయటికొచ్చి మన ముందు నిలబడతాయి. ‘పిచ్ ద బేబీ’ అన్న పాట ప్రసవం గురించే. ఇంకొన్ని పాటల్లోనూ బిడ్డను చూసుకుంటున్న తల్లి మురిపెం దాగకుండా పలుకుతుంది. చదువుకోని గొంతు, భయపడే గొంతు, డిక్షనరీల వెనక దాక్కున్న గొంతు, తల్లి అయ్యాక నాలుగు మాటలు సాఫ్‌గా పలికింది. ఈ ఆల్బమ్ ప్రత్యేకత ఏంటని అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

కానీ అదే స్టూడియోలో ఇంకో కథ కూడా నడుస్తోంది.

రాబిన్ కొకైన్‌కు అలవాటు పడ్డాడు. పాప పుట్టాక మారతాడని ఆశ. మారలేదు, నషా ఇంకా ముదిరింది. నషాలో ఉన్న మనిషికి పక్కవాళ్ల మీద షక్ మొదలవుతుంది. అకారణంగా గుస్సా వస్తుంది. పక్కనే ఉంటాడు, అయినా అక్కడ ఉండడు. ఒకవైపు పాపను చూసుకుంటూ, ఇంకోవైపు పాడుతూ, మూడోవైపు ఈ మనిషిని కనిపెట్టుకుంటూ ఉండటం అంటే ఏమిటో, ఇంట్లో నషాబాజ్ ఉన్న ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. విచిత్రమేంటంటే, ఆ రోజుల్లో రాబిన్ వాయించిన గిటార్‌లో ఈ చేదు ఒక్క చుక్క కూడా వినిపించదు. అతని అన్ని ఆల్బమ్‌లలోకీ అత్యంత రోషన్‌గా, తేటగా ఉన్న గిటార్లలో ఇవీ ఉన్నాయి.

మూడో తారీఖు 1990 జూన్. సైమన్ రేమండ్ వాలిద్ ఐవర్ రేమండ్ ఇంతకాల్ అయ్యారు. ఆయన మామూలు మనిషి కాదు. 1960ల బ్రిటిష్ పాప్ పాటల జమానాలో పేరున్న సంగీత దర్శకుడు. 1963లో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ పాడిన ‘ఐ ఓన్లీ వాంట్ టు బీ విత్ యూ’ రాసినవాళ్లలో ఒకరు. వాలిద్ పోయిన గమ్‌లోనే సైమన్ పియానో ముందు కూర్చున్నాడు. ఆల్బమ్‌లో ఆఖరి పాట ‘ఫ్రూ ఫ్రూ ఫాక్సెస్ ఇన్ మిడ్‌సమర్ ఫైర్స్’ మొదట్లో వినిపించే పియానో అలా పుట్టిందే. తండ్రిని పోగొట్టుకున్న చేతులు, పాపను ఎత్తుకున్న చేతులు, నషాతో వణికే చేతులు, అన్నీ కలిసి ఆ పది పాటలు చేశాయి. మొత్తం వింటే నలభై నిమిషాలు కూడా ఉండదు.

ఇప్పుడు ఆల్బమ్ పేరు చూడండి. లాస్‌వేగాస్ అమెరికా ఎడారిలో జూదం మీద బతికే ఊరు. రాత్రంతా నియాన్ దీపాలు మెరుస్తూనే ఉంటాయి. ఆ రోష్నీ చూస్తే ఎవరికైనా క్షణంసేపు జన్నత్ అనిపించొచ్చు. తెల్లారాక ఎడారి ఎడారే. అట్ట మీది బొమ్మ కూడా చీకట్లో చెదిరిన రంగురంగుల దీపాల్లా ఉంటుంది. ‘జన్నతా, లాస్‌వేగాసా’ అన్న ఆ పేరును నేను ఒక సవాల్‌గానే చదువుతాను. నా కళ్లముందున్న ఈ వెలుగు అసలా, నకలా? పసిబిడ్డ నవ్వూ వెలుగే, కొకైన్ ఇచ్చేదీ ఒక వెలుగే. ఒకే ఇంట్లో, ఒకే ఏడాదిలో రెండూ వెలిగాయి. అసలు, నకలు అన్న మాటలు అరబ్బీ నుంచి వచ్చి తెలుగులో ఇంత సొంతమైపోయాయి గానీ, ఆ రెంటికీ తేడా పట్టుకోవడం మాత్రం ఏ జబాన్‌లోనూ తేలిక కాలేదు.

ఆల్బమ్ విడుదలైంది. బ్రిటన్ చార్టులో ఏడో స్థానానికి చేరింది. ఒక ఇండీ బ్యాండ్‌కు అది చిన్న ఇజ్జత్ కాదు. అంతకుముందే వచ్చిన ‘ఐస్‌బ్లింక్ లక్’ పాట టాప్ 40లోకి వెళ్లింది. పత్రికలు మెచ్చుకున్నాయి. అమెరికాలో కేపిటల్ అనే పెద్ద కంపెనీ దాన్ని జనంలోకి తీసుకెళ్లింది. ఇద్దరు అదనపు గిటారిస్టులను వెంటబెట్టుకుని బ్యాండ్ ఊరూరా తిరిగింది.

అప్పుడే ఇవో వాట్స్ రస్సెల్ ఒక ఫైసలా చేశాడు. కంపెనీకి ఎనిమిదేళ్లుగా పేరు తెచ్చిన బ్యాండ్‌తో, వాళ్ల అత్యుత్తమ ఆల్బమ్ వచ్చిన ఏడాదిలోనే, తెగదెంపులు చేసుకున్నాడు. ఆల్బమ్ నచ్చక కాదు. ఆ ఆల్బమంటే అతనికి ప్రాణం. రాబిన్‌తో గొడవలు, నషా తెచ్చిన కయ్యాలు ఇక భరించలేకపోయాడు. లోపల ఏం జరుగుతోందో పాట విన్నవాడికి తెలీదు. పక్కన నిలబడ్డవాడికి తెలుసు.

తర్వాతి తారీఖులు త్వరత్వరగా వస్తాయి. బ్యాండ్ ఫోంటానా అనే వేరే కంపెనీకి మారింది. రాబిన్ ఇలాజ్‌కు వెళ్లాడు, నషా వదిలించుకునే దారి పట్టాడు. కానీ సంసారం నిలవలేదు. 1993లో వచ్చిన ‘ఫోర్ క్యాలెండర్ కెఫే’ నాటికి మియాబీవీల్లా బతికిన ఆ ఇద్దరూ విడిపోయారు. ఆ ఆల్బమ్‌లో ఎలిజబెత్ మాటలు ఇదివరకెన్నడూ లేనంత సాఫ్‌గా వినిపిస్తాయి. ఎందుకో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఖుషీలో కాస్త తొలగిన పర్దా జుదాయిలో ఇంకాస్త తొలగింది. విడిపోయాక కూడా ఒకే స్టూడియోలో ఇద్దరూ పనిచేశారు. 1996లో ‘మిల్క్ అండ్ కిస్సెస్’ వచ్చింది. 1997లో తర్వాతి ఆల్బమ్ పని మధ్యలో ఉండగానే బ్యాండ్ ముగిసిపోయింది. 2005లో అమెరికాలో కొచెల్లా జల్సాకు మళ్లీ కలుస్తున్నారని ఎలాన్ వచ్చింది. ఎలిజబెత్ వెనక్కి తగ్గింది. పాత గాయం దగ్గర నిలబడి అదే మనిషితో మళ్లీ పాడటం తనవల్ల కాలేదు. అందుకు ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఈ దాస్తాన్‌లో మన వైపుకు తెరుచుకునే ఒక కిటికీ ఉంది. దాన్ని చూపించకుండా ముగించలేను.

1983లో ఎలిజబెత్, రాబిన్ ఇద్దరూ దిస్ మోర్టల్ కాయిల్ అన్న పేరుతో ‘సాంగ్ టు ద సైరెన్’ అనే పాట చేశారు. అది అమెరికా గాయకుడు టిమ్ బక్లీ పాట. పదేళ్ల తర్వాత టిమ్ కొడుకు జెఫ్ బక్లీ ఎలిజబెత్‌కు దగ్గరయ్యాడు. ఈ జెఫ్‌కు ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ అంటే దీవానగీ. కచేరీల్లో వారి ఖవ్వాలీ పాడటానికి ప్రయత్నించేవాడు. వారిని కలిసి ఇంటర్వ్యూ చేశాడు. వారి పాటల సంకలనానికి ముందుమాట రాశాడు. మాట ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి సర్గమ్‌తో పైకి ఎగసే నుస్రత్ సాబ్ గొంతు, మాటలను వదిలేసి ఎగిరే ఎలిజబెత్ గొంతు, రెండూ ఒకే మనిషి గుండెకు తాకాయి. నాకైతే ఇది ఇత్తెఫాక్ అనిపించదు.

1990లోనే, అంటే ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే, బ్రిస్టల్‌కు చెందిన మాసివ్ అటాక్ బృందం నుస్రత్ సాబ్ ‘మస్త్ మస్త్’కు కొత్త రూపం ఇచ్చింది. ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఖవ్వాలీ మోగింది. అదే బృందం 1997లో ఎలిజబెత్‌ను పిలిచి ‘టియర్‌డ్రాప్’ పాడించింది. ఆ పాట పని జరుగుతుండగానే, మే 29న, మెంఫిస్‌లో జెఫ్ బక్లీ నదిలో మునిగిపోయాడన్న ఖబర్ వచ్చింది. ఆ పాటలో కొంత అతని గురించేనని ఎలిజబెత్ చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 16న నుస్రత్ సాబ్ లండన్‌లో కన్నుమూశారు. వారికి 48 ఏళ్లు. ఒకే బృందం చేతిలో ఈ రెండు గొంతులూ పడటం, ఇద్దరినీ ప్రేమించినవాడు మధ్యలోనే వెళ్లిపోవడం, ఏ అఫ్సానాలో రాసినా ఎవరూ నమ్మరు.

మళ్లీ ఆ ఇయర్‌ఫోన్ దగ్గరికి వద్దాం. మన మొహల్లాల్లో ఎవరిని పలకరించినా “అల్హందులిల్లా, అంతా ఖైరియత్” అంటారు. చాలామంది నిజమే చెబుతారు. కొన్ని ఇళ్లలో ఆ మాట వెనక కొడుకు నషా ఉంటుంది, కోడలి కన్నీళ్లుంటాయి, ఇంట్లోవాళ్లు తప్ప ఎవరికీ తెలియని ఒక రాత్రి ఉంటుంది. షాదీలో అందరికన్నా బాగా నవ్విన మనిషే ఆ రాత్రి గడిపి వచ్చి ఉండొచ్చు. గొంతు ఎంత మధురంగా ఉందో చూసి ఇంటి హాల్ అంచనా వేయకూడదని నాకు నేర్పింది ఈ పది పాటలే. ఆ ఇంట్లోవాళ్లకు మన తీర్పులు అక్కర్లేదు. తలుపు తట్టి, కూర్చుని, వాళ్లు మాట దాచినా గొంతు వినగలిగే ఒక మనిషి కావాలి.

కాబట్టి ఈసారి మీ అమ్మాయి కళ్లు మూసుకుని ఆ పొగమంచు గొంతు వింటుంటే ఇయర్‌ఫోన్ లాక్కోకండి. రెండోది అడిగి తీసుకోండి. ఒక పాట పూర్తిగా వినండి. మాటలు అర్థం కాకపోతే ఫర్వాలేదు. తర్వాత ఈ కథ చెప్పండి: 1989 సెప్టెంబర్‌లో ఒక పాప పుట్టిందని, 1990 జూన్‌లో ఒక తండ్రి పోయాడని, ఆ మధ్యలో ఒక తల్లి భయం విడిచి నాలుగు మాటలు తేటగా పాడిందని. ఆ తర్వాత ఆమె కూడా తన మనసులోది మీకు ఏదైనా చెప్పొచ్చు.